ఎర్రవాగు మీద ఆగిన మంత్రిగారు

"ప్రజలారా! మన ప్రియతమ మంత్రివర్యులు రేపు ఉదయం స్వయంగా విమానంలో విచ్చేసి, ఎర్రవాగు వరదను ఆకాశం నుంచి కన్నీటితో పరిశీలిస్తారు! ఆ విమానం ఏ క్షణాన ఎక్కడుందో ప్రతి పౌరుడూ తన ఫోన్‌లో మ్యాప్ తెరిచి చూసుకోవచ్చు! దాపరికం లేని పాలన అంటే ఇదే!"

ఆటోకు కట్టిన మైకు ఈ మాటలు చెప్పుకుంటూ మా వీధిలోంచి రెండుసార్లు వెళ్లింది. 'కన్నీటితో' అన్న మాట మంత్రిగారి ఆఫీసు పంపిన ప్రకటనలో లేదట. పార్టీ యువజన విభాగం అధ్యక్షుడు నాగచైతన్య తన సొంత పూచీ మీద చేర్చాడు. అతను డిగ్రీ కాలేజీలో నా దగ్గర ఎకనామిక్స్ చదివాడు. చదివాడు అనడం మర్యాద కోసం.

ఏమైనా ఏర్పాటు మాత్రం గొప్పది. పూర్వం నాయకులు వస్తామని రాకపోతే ఎక్కడ ఉండిపోయారో తెలిసేది కాదు. ఇప్పుడు రాకపోయినా ఎక్కడున్నారో తెలుస్తుంది. ప్రజాస్వామ్యం ముందుకు పోవడమంటే ఇదే కదా.

మర్నాడు ఉదయం నన్ను కూడా వాగు గట్టుకు పిలిచారు. రిటైరైన లెక్చరర్లకు మేధావుల వరసలో కుర్చీలు వేశారు. నాకిచ్చిన కుర్చీకి నాలుగు కాళ్లూ సమానంగా ఉన్నాయి. కూర్చోగానే ఎవరో అల్లం టీ తెచ్చి చేతిలో పెట్టారు. మా ఆవిడ పోయాక అడక్కుండా నాకు టీ ఇచ్చినవాళ్లు తక్కువ. అందుకని మొదటే చెబుతున్నాను, ఆ కార్యక్రమం మీద నాకు ఏ కోపమూ లేదు.

ఎర్రవాగు గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. ఇవతలి గట్టున మా మండల కేంద్రం. అవతల అడవిలో ఇప్పలగుంపు అనే కోయగూడెం. రేషన్, బడి, దవాఖానా అన్నీ ఇవతలే. రెండింటినీ కలిపే చప్టా మొన్నటి వానలకు కొట్టుకుపోయింది. మళ్లీ కట్టేదాకా ఉంటుందని ప్రభుత్వం ఒక ఇంజన్ పడవ ఇచ్చింది. చప్టా మళ్లీ కట్టాలో వద్దో మంత్రిగారు పైనుంచి చూసి తేల్చాలి. ఇదీ సంగతి.

ఆ పడవను ఆ రోజు గట్టు మీదికి లాగి, కడిగి, బంతిపూల దండలు వేశారు. పక్కనే ఇసుక మీద 'స్వాగతం' అని రాసిన ఫ్లెక్సీని ఆకాశం వైపు తిప్పి పరిచారు. నా ముందు వరసలో లబ్ధిదారుల కుర్చీ ఒకటి వేసి, అందులో ఇప్పలగుంపు పెద్ద పోతయ్యను కూర్చోమన్నారు. శాలువా కప్పడానికి తెల్లవారగానే పడవ పంపి మరీ తీసుకొచ్చారు.

"లబ్ధి అంటే ఏంది సారూ? నాకేమొచ్చింది?" అని అడిగాడు పోతయ్య.

"ముందు కూసో. ఏమొచ్చిందో తర్వాత రాస్తరు," అన్నారు తహశీల్దారు రామ్‌చందర్ గారు.

పోతయ్య కూర్చోలేదు. "సారూ, మా కోడలు యశోద నిండు నెలల మనిషి. పొద్దుగాల నేనొచ్చేటప్పుడే నడుము గుంజుతందన్నది. పడవ ఒక్కపారి ఇయ్యుండ్రి. ఇటు తెచ్చుకుంట."

"పోతయ్యా, ఇయ్యాల అది పడవ కాదు, ఎగ్జిబిట్. పైనుంచి మంత్రిగారు సూసేదాక కదలొద్దని ఆర్డర్."

"సూసినంక?"

"సూసినంక నీదే. నువ్వే తోలుకో."

రామ్‌చందర్ గారు చెడ్డవారు కారు. ఆ మాట అంటూనే పోతయ్యకు శాలువా కప్పి కూర్చోబెట్టి, తన ముందున్న బిస్కెట్ల ప్లేటు అతని వైపు జరిపారు.

షామియానా కింద పెద్ద టీవీ ఒకటి కిరాయికి తెచ్చిపెట్టారు. దానికి బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, ఎదురుగా కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు ప్లగ్గులోకి పోలేదు, అదృష్టం. మంత్రిగారి పీఏ పంపిన విమానం నంబరు నాగచైతన్య కొట్టగానే, మ్యాప్‌లో హైదరాబాద్ దగ్గర చిన్న పసుపుపచ్చ విమానం బొమ్మ ప్రత్యక్షమైంది. అది కదిలింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కూర్చుని ఉన్న మేధావులం మేమూ లేచాం. ఈగంత బొమ్మకు అంత గౌరవం దక్కడం నేను అంతకుముందు చూడలేదు.

విమానం సూర్యాపేట దాటింది. నేలకొండపల్లి మీద ఒక చుట్టు తిరిగింది. మళ్లీ ఇంకో చుట్టు తిరిగింది.

"చూశారా మాస్టారూ! అక్కడి బౌద్ధ స్తూపానికి ప్రదక్షిణ చేస్తున్నారు. ఎంత సంస్కారమండీ!" అన్నాడు నాగచైతన్య. పక్కనున్న విలేకరి 'ఆకాశమార్గాన ప్రదక్షిణ' అని రాసుకున్నాడు.

తర్వాత విమానం బోనకల్ వైపు తిరిగింది. నాగచైతన్య ముఖంలో రంగు పోయింది.

అదే పార్టీలో అతనికి పోటీగా జడ్పీటీసీ టికెట్ అడుగుతున్న కిషన్‌లాల్ మా వెనక వరసలో ఉన్నాడు. అతను మెల్లగా నవ్వి, "ఏంది తమ్మీ, ముక్కు బోనకల్ దిక్కు పెట్టిండు? గక్కడ నీకెవరున్నరు? నాకైతే బామ్మర్ది ఉన్నడు," అన్నాడు.

"గాలి అటు వీస్తుందేమో అన్నా."

"గాలే తమ్మీ. నేననేదీ గదే."

కిషన్‌లాల్ మనుషులు ఒక టపాకాయ పేల్చారు. ఆ పొగ పోకముందే విమానం బోనకల్ వదిలి, ఉత్తరంగా మణుగూరు వైపు తిరిగింది. మణుగూరులో నాగచైతన్య మేనమామకు బొగ్గు లారీలున్నాయి. ఈసారి టపాకాయలు ఇటువైపు పేలాయి. విమానం ముక్కు కొంచెం వంకర తిరిగినప్పుడల్లా ఇద్దరిలో ఒకరి దగ్గరికి జనం వెళ్లి దండం పెడుతున్నారు. కాసేపటికి దండాలు పెట్టేవాళ్లు విసిగిపోయి, ఇద్దరికీ మధ్యలో నిలబడి టీవీకే పెట్టేశారు. ఒక విమానంతో ఒక పార్టీలో ఇంత స్పష్టత రావడం మామూలు విషయం కాదు.

చివరికి బొమ్మ మా వైపు వచ్చింది. గూడేలు దాటింది, అడవి దాటింది. సరిగ్గా ఎర్రవాగు మీదికి వచ్చింది.

అక్కడ ఆగిపోయింది.

అందరం షామియానాలోంచి బయటికి పరుగెత్తి తలలెత్తాం. ఆకాశం నిండా బూడిదరంగు మబ్బు. విమానం లేదు. చప్పుడూ లేదు. ఉన్నా వాగు హోరులో వినపడే అవకాశం లేదు. మళ్లీ లోపలికి వెళ్లి చూశాం. తెర మీద విమానం నిక్షేపంగా ఉంది.

"పైన ఏం కనపడతలేదు సార్," అన్నాడు ఒక వీఆర్ఏ.

"పైన మబ్బున్నది. తెర మీద మబ్బున్నదా?" అన్నారు రామ్‌చందర్ గారు.

"లేదు సార్."

"మరి ఏది నమ్ముతవు?"

వీఆర్ఏ మళ్లీ తెర ముందుకు వెళ్లి నిలబడ్డాడు. అప్పటికే అందరి ఫోన్లలోనూ, ఆ టీవీలోనూ నెట్టు పోయిందని నేను గమనించాను. మా దగ్గర వాన మబ్బు పడితే నెట్టు పోతుంది, మాట్లాడే సిగ్నల్ మాత్రం మిగులుతుంది. ఎంతైనా లెక్చరర్ని కాబట్టి నోరు ఊరుకోలేదు.

"రామ్‌చందర్ గారూ, విమానం గాలిలో ఆగదు కదండీ."

ఆయన నా వైపు జాలిగా చూశారు. "మామూలు విమానం ఆగదు సార్. ఇది మంత్రిగారిది. ఆయన ఆగుమన్నంక ఆగకుండ పోయే ధైర్యం పైలెట్‌కు ఉంటదా?"

ఆయన ఇరవై ఏళ్ల ఉద్యోగంలో మంత్రి ఆగమన్నాక ఆగనిదేదీ చూసి ఉండరు.

మంత్రిగారు పైన ఆగి చూస్తున్నారు కాబట్టి అందరం చేతులు ఊపడం మొదలుపెట్టాం. కొంతసేపటికి భుజాలు లాగాయి. మంత్రిగారు మాత్రం కదల్లేదు. అంత లోతుగా పరిశీలించే నాయకుడు దొరకడం ఎర్రవాగు చేసుకున్న పుణ్యం. రామ్‌చందర్ గారు అప్పటికప్పుడు వంతులు వేశారు. ముందు రెవెన్యూ సిబ్బంది, తర్వాత మహిళా సంఘాలు, ఆ తర్వాత మేధావులు. నా వంతు వచ్చినప్పుడు నేనూ ఊపాను. బిగుసుకుపోయిన నా కుడి భుజానికి అది చాలా మేలు చేసింది.

అప్పుడే అవతలి గట్టు మీద ఒక ఆడమనిషి కనిపించింది. ఎర్రటి గుడ్డ పట్టుకుని రెండు చేతులతో ఊపుతోంది. మాకంటే జోరుగా, ఎగిరెగిరి ఊపుతోంది.

"అది చూడండి మాస్టారూ!" నాగచైతన్యకు ఒళ్లు పులకరించింది. "మనిషిని పెట్టలేదు, బండి పెట్టలేదు, భోజనం పెట్టలేదు. అయినా ఎంత స్పందనో!"

విలేకరి వంగి, లేచి, పక్కకు తిరిగి ఫోటోలు తీశాడు. మావాళ్లందరూ ఆమెకు ఉత్సాహంగా చేతులు ఊపారు. ఆమె ఇంకా గట్టిగా ఊపింది. వీళ్లు ఇంకా గట్టిగా ఊపారు.

పోతయ్య కుర్చీలోంచి లేచాడు. ఒంటి మీద కప్పిన శాలువా జారిపోయింది.

"అది మా ఆడది, భీమక్క. సాగతం కాదు సారూ, నొప్పులు మొదలైనయ్! మొదలైతే ఎర్రగుడ్డ ఊపుమని నేనే చెప్పొచ్చిన. పడవ ఇయ్యుండ్రి!"

రామ్‌చందర్ గారు టీవీ వైపు చూశారు, పడవ వైపు చూశారు, మళ్లీ టీవీ వైపు చూశారు. పాపం, ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"ఇంకొంచెం ఆగు పోతయ్యా. మంత్రిగారు జరగంగనే..."

"ఆయన జరగకపోతె?"

"నాకూ ఆడపిల్లలున్నరయ్యా. నీ బాధ నాకు ఎరికే. కానీ పైన ఆయన ఉండంగ కింద పడవ లేకపోతే రేపు నేనుండ."

పోతయ్య చొక్కా విప్పి కుర్చీ మీద పడేసి, పంచె ఎగ్గట్టి వాగు వైపు నడిచాడు. ఇటుక పొడి కలిపినట్టున్న ఎర్ర నీళ్లు చెట్ల మొద్దులను దొర్లించుకుపోతున్నాయి. నలుగురు పోయి అతన్ని పట్టుకున్నారు. "ఇడువుండ్రిరా, నన్నిడువుండ్రి!" అని అతను పెనుగులాడుతున్నాడు.

విమానం ఆగదని చెప్పి ఒకసారి ఓడిపోయాను కాబట్టి, ఈసారి విమానం ఆగిందని ఒప్పుకునే మొదలుపెట్టాను.

"రామ్‌చందర్ గారూ, ఒక సందేహం. అంత పైనుంచి చూసేవారికి గట్టు మీద కదలకుండా ఉన్న పడవ పడవలా కనపడుతుందంటారా? పాత పశువుల తొట్టి అనుకోరూ?"

ఆయన ఉలిక్కిపడ్డారు.

"నీళ్ల మీద కదిలితే కదా పడవ అని తెలిసేది," అన్నాను. "అందులో ఒక రోగిని కూడా కూర్చోబెట్టి తెస్తే, యంత్రాంగం పనిచేస్తోందని ఆయనకు కళ్లారా కనిపిస్తుంది. ఆయన ఇంతసేపు ఆగింది కూడా అది చూద్దామనేనేమో."

రామ్‌చందర్ గారి ముఖం వికసించింది. ఆ మాట కోసమే ఆయన ఎదురుచూస్తున్నట్టు నాకు అనిపించింది. "పాయింటే! గిది గిప్పుడా సార్ చెప్పేది! దింపుండ్రి పడవ! జల్దీ!"

"అయితే నేను కూడా ఎక్కుతానండి," అని నాగచైతన్య పార్టీ గొడుగు తీసుకుని ముందు ఎక్కాడు. అతను ఎక్కాడని కిషన్‌లాల్ ఎక్కాడు. పోతయ్యకు కాలు పెట్టే చోటు లేకపోయింది. పడవ నడిపేవాడు ఇద్దరు నాయకులనూ ఎగాదిగా చూసి, "ముగ్గురు ఇటొచ్చేదున్నది. ఇంత బరువైతే మునుగుద్ది. ఎవరు మునుగుతరో మీరే తేల్చుకోండ్రి," అన్నాడు. కిషన్‌లాల్ దిగిపోయాడు. ఆ రోజు అతను చేసిన త్యాగాన్ని పత్రికలు రాయకపోవడం అన్యాయం.

పడవ వెళ్లింది. తిరిగి వచ్చేటప్పటికి తుంపర పడుతోంది. నడుమ యశోద భీమక్క ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. నాగచైతన్య నిలబడి, ఒక చేత్తో గొడుగు పట్టి, ఇంకో చేత్తో మబ్బులకు ఊపుతున్నాడు.

"బాబూ, ఆ ఊపుడు ఆపి గొడుగు సక్కగ పట్టు. నీళ్లు పిల్ల మొకాన పడుతున్నయ్," అని భీమక్క కసిరింది.

అతను ఊపడం ఆపాడు. గొడుగు తిన్నగా పట్టాడు. గట్టు చేరేదాకా యశోద ముఖం మీద ఒక్క చుక్క పడలేదు. గొడుగు మీద ఏ గుర్తు ఉంటే ఏం? కింద పొడిగా ఉంది.

భీమక్క దిగీ దిగగానే మా అందరి వైపూ తిరిగింది. "మనుషులా మానులా మీరు? సేతులు పడిపోయేటట్టు నేను గుడ్డూపుతంటే, మీరు తిరిగి నాకు టాటా చెబుతరా? సిగ్గనిపియ్యదా?"

మహిళా సంఘాల వాళ్లు తలలు దించుకుని, యశోదను ఎత్తి, మంత్రిగారి కార్యక్రమం కోసం తెచ్చి నిలిపిన అంబులెన్స్ ఎక్కించారు. పోతయ్య, భీమక్క కూడా ఎక్కారు. బండి భద్రాచలం దారి పట్టాక రామ్‌చందర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుంపర వల్ల అని నాతో అన్నారు.

సరిగ్గా అప్పుడు నాగచైతన్య ఫోన్ మోగింది. పేరు చూసి అతను నిటారుగా నిలబడ్డాడు. "మంత్రిగారు!" అని, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు.

"ఏం చైతన్యా! నేను మీ ఎర్రవాగు మీదే ఉన్నానయ్యా. చూస్తూనే ఉన్నా," అంది ఫోన్.

అందరం తలలెత్తాం. మబ్బు.

"మేం కనపడుతున్నామా సార్?"

"ఎందుకు కనపడరు? ప్రతి మనిషీ కనపడుతున్నాడు. అది సరేగానీ, వరద వరద అని అంత గగ్గోలు పెట్టారేంటయ్యా? నీళ్లు ఎంత నీలంగా ఉన్నాయి! అల కూడా లేదు. గీత గీసినట్టు ప్రశాంతంగా పోతోంది వాగు."

మా కాళ్ల దగ్గర ఎర్రవాగు ఒక పెద్ద మద్దిచెట్టును వేళ్లతో సహా దొర్లించుకుంటూ పోతోంది.

"ఇంకో మాట. చప్టా కొట్టుకుపోయిందని రిపోర్టు రాసిందెవరు? రోడ్డు ఇవతలి నుంచి ఇప్పలగుంపు దాకా తెల్లగా, తిన్నగా పోయింది. వాగు మీద కూడా ఎక్కడా తెగలేదు. నా కళ్లతో నేను చూస్తున్నా కదా!"

రామ్‌చందర్ గారు నెమ్మదిగా టీవీ వైపు తిరిగారు. నేనూ తిరిగాను. పచ్చని మ్యాప్ మీద సన్నటి నీలం గీత ఎర్రవాగు. దాన్ని అడ్డంగా దాటుకుంటూ, ఎక్కడా తెగకుండా, తెల్లటి గీత రోడ్డు. ఆ రెండూ కలిసే చోట పసుపుపచ్చ విమానం.

"తహశీల్దారు ఉన్నాడా అక్కడ? ఏమయ్యా, రోడ్డు ఉందా లేదా?"

రామ్‌చందర్ గారు గొంతు సవరించుకున్నారు. తెర వైపే చూస్తూ, "అవ్ సార్. తెల్లగనే ఉన్నది సార్," అన్నారు.

"మరి ఇంత మంచి రోడ్డు పెట్టుకుని పడవ ఎందుకయ్యా దండగ? రేపే జిల్లాకు పంపించెయ్యి."

వెనక నుంచి ఒక ఆడగొంతు, "దోశ చల్లారిపోతోంది, ఇంకోటి వెయ్యమంటారా?" అంది. ఏదో కుర్చీ జరిగిన చప్పుడైంది. ఫోన్ ఆగిపోయింది.

చిన్న విమానాల్లో కూడా దోశలు వేడివేడిగా వేసి పెడుతున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. ప్రయాణ సౌకర్యాలు ఎంతో మెరుగుపడ్డాయి.

మర్నాటి పేపర్లో భీమక్క ఫోటో పెద్దదిగా వచ్చింది. 'మంత్రికి ఎర్రని జేజేలు: ఉప్పొంగిన గిరిజన హృదయం' అని దాని కింద రాశారు. అదే రోజు మధ్యాహ్నం పడవను లారీ ఎక్కించారు. ఎక్కించేటప్పుడు దండలు తీయడం మర్చిపోయారు. దారిపొడుగునా జనం ఏదో ఊరేగింపు అనుకుని దండం పెట్టారట.

యశోదకు భద్రాచలంలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఆసుపత్రిలో రాఘవమ్మ అనే నర్సు, చలికాలానికి తన మనవరాలి కోసం అల్లుకున్న ఊలు టోపీని ఈ పిల్ల తలకు తొడిగి పంపింది. ఇంటికి పంపిన రోజు వాళ్లను తీసుకురావడానికి ఆటో మాట్లాడుకుని నేనే వెళ్లాను. నాకు మాత్రం ఇంటి దగ్గర ఏం పని?

వాగు గట్టు దగ్గర ఆటో ఆగింది. వాన తగ్గినా వాగు తగ్గలేదు. అదే ఎరుపు, అదే హోరు. పడవ ఉండాల్సిన చోట ఇసుకలో దాని గాడి మాత్రం ఉంది. పోతయ్య అక్కడి నుంచే నా ఫోన్లో రామ్‌చందర్ గారితో మాట్లాడాడు.

"ఏం జెయ్యాలె పోతయ్యా," అన్నారు ఆయన. ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది. "రోడ్డున్నదని మంత్రిగారే కళ్లతోటి సూసిరి. ఇప్పుడు నేను పడవ పెడితే ఆయన కళ్లను అనుమానించినట్టు గాదా? చప్టా ఫైలు గూడ మూసేసిండ్రు. ఉన్న చప్టా మళ్ల ఎట్ల కడతరు?"

"అయితే మేం ఎట్ల పోవాలె సారూ?"

"రోడ్డు మీదికెళ్లి పోవాలె," అని ఆయన మెల్లగా చెప్పి పెట్టేశారు.

భీమక్క ఈసారి ఎవర్నీ తిట్టలేదు. ఆటోలో యశోద పిల్లకు పాలిస్తోంది. ఆటోవాడు ఆలస్యమవుతోందని అనకుండా, మాకు వీపు చేసి, బీడీ వెలిగించుకుని దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

పోతయ్య ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"సారూ, మంత్రిగారు సూసిన రోడ్డు మాకైతే కనపడతలేదు. దీంట్ల ఉన్నదంట గద, ఒక్కపారి తీసి చూపెట్టు. పసిపిల్లనెత్తుకుని ఏ కాడ అడుగు పెట్టాల్నో చెప్పు."

ఎగతాళి చేస్తున్నాడేమో అని అతని ముఖంలోకి చూశాను. చెప్పడం కష్టం.

ఆ రోజు ఆకాశం తేటగా ఉంది, నెట్టు బాగా వస్తోంది. మ్యాప్ తీశాను. సరిగా కనపడడం కోసం రెండు వేళ్లతో పెద్దది చేశాను. పెద్దది చేసినకొద్దీ రోడ్డు ఇంకా వెడల్పయింది, ఇంకా తెల్లబడింది.